నెట్ రావడం లేదంటే లోపం ఎక్కడ?



"మా ఇంట్లో నెట్ సరిగా రావడం లేదండీ" అన్న మాట ఇప్పుడు పల్లెల్లోనూ పట్నాల్లోనూ వినిపిస్తోంది. కరెంటు పోయిందంటే పోయినట్టే, కుళాయి రాలేదంటే రానట్టే. నెట్ సంగతి అలా కాదు. ఈ ఒక్క మాట వెనక మూడు వేరువేరు జబ్బులు దాగి ఉంటాయి. ఒకటి, ఎక్స్ఛేంజి నుంచి మన గుమ్మం దాకా వచ్చే లైనుది. రెండోది, ఆ లైను చివర ఉన్న మోడెమ్‌ది. మూడోది, మోడెమ్ నుంచి గదులకు అందాల్సిన వైఫైది. వీటిలో ఏదో తేల్చుకోకుండా బజారుకెళ్ళి కొత్త పెట్టె కొనుక్కొస్తే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. అద్దె మోడెమ్‌ను ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చడం వృథా, వెనక గది దాకా వైఫై అందాలంటే ఏం చెయ్యాలి అన్నవి ఇవాళ చెప్పుకుందాం.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ ఇళ్ళలోకి ప్రధానంగా టెలిఫోన్ తీగ మీదుగానే వచ్చింది. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు, సెకనుకు 256 కిలోబిట్లు అందితే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చన్నారు. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. 'డేటావన్' పేరుతో సేవ మొదలుపెట్టింది. ల్యాండ్‌లైన్ ఫోను పక్కన చిన్న దీపాలు వెలిగే పెట్టె ఒకటి వచ్చి చేరింది. కొందరు దాన్ని కొనుక్కున్నారు. చాలామంది నెలవారీ అద్దెకు తీసుకున్నారు. ఆ తర్వాత బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. కానీ ఆ పెట్టెల్లో కొన్ని ఇంకా అదే మూల, అదే మేకుకు వేలాడుతున్నాయి, అద్దె బిల్లులో పడుతూనే ఉంది.

ఆ పెట్టె చేసే పని కొంచెం తెలుసుకుంటే మిగతాదంతా సులువవుతుంది. మనం ఫోన్లో మాట్లాడే మాటకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న చిన్న పట్టీ సరిపోతుంది. అదే రాగి తీగ అంతకు ఎన్నో రెట్ల పౌనఃపున్యాలను మొయ్యగలదు. మాటకు పైన ఖాళీగా ఉన్న ఆ జాగాలో డేటాను పంపే పద్ధతే డి.ఎస్.ఎల్. ఎక్కువ ఇళ్ళలో ఉన్న ఎ.డి.ఎస్.ఎల్.2 ప్లస్ రకం 2.2 మెగాహెర్ట్జ్ వరకూ వాడుకుంటుంది. ఇంటికి వచ్చే డేటాకు ఎక్కువ వాటా, ఇంటి నుంచి వెళ్ళేదానికి తక్కువ వాటా ఇస్తే పక్క తీగలతో గొడవ తగ్గి వేగం పెరుగుతుందని 1980ల చివర్లో సూచించినవాడు అమెరికాలో బెల్‌కోర్ సంస్థలో పనిచేసిన ఇంజనీరు జోసెఫ్ లెక్‌లైడర్. మన ఫోటోలు వెళ్ళడం నెమ్మదిగా, సినిమా దిగడం వేగంగా ఉండటం వెనక ఉన్నది ఆ లెక్కే.

అయితే రాగికి ఒక బలహీనత ఉంది. దూరం పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు నీరసించిపోతాయి. ఎ.డి.ఎస్.ఎల్.2 ప్లస్ కాగితం మీద 24 మెగాబిట్లు ఇవ్వగలదు. ఎక్స్ఛేంజికి కిలోమీటరు లోపు ఉన్న ఇంటికి దానికి దగ్గరగా వస్తుంది. మూడు కిలోమీటర్లు దాటితే సుమారు 8 మెగాబిట్ల దగ్గరకు పడిపోతుంది. అయిదు కిలోమీటర్లకు ఒకటో రెండో మిగిలితే గొప్ప. ఈ దూరం కాకి ఎగిరే దూరం కాదు, కేబుల్ వీధులన్నీ తిరిగి వచ్చే దూరం. దాన్ని మార్చడం ఎంత ఖరీదైన మోడెమ్‌కైనా చేతకాదు. 6 మెగాబిట్లు మోసే లైనుకు వేల రూపాయల రౌటర్ తగిలించినా వచ్చేది ఆ ఆరే.

కాబట్టి ముందు పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. మోడెమ్ వెనక ఉన్న లాన్ పోర్టుకు వైరుతో లాప్‌టాప్ తగిలించి, దాని వైఫై ఆపేసి, స్పీడ్ టెస్ట్ చెయ్యండి. పొద్దున్న ఒకసారి, అందరూ సీరియళ్ళూ సినిమాలూ చూసే రాత్రి తొమ్మిది గంటలప్పుడు ఒకసారి చూడండి. తర్వాత వైరు తీసేసి, మోడెమ్ ఉన్న గదిలోనే వైఫై మీద చూడండి. చివరగా వెనక పడకగదిలో చూడండి. వైరు మీదే తక్కువ వస్తే లోపం లైనులోనో, ప్లానులోనో, లేదా మోడెమ్‌లోనో ఉంది. వైరు మీద బాగుండి పక్కనే నిలబడ్డ ఫోన్లో తక్కువ వస్తే మోడెమ్‌లోని వైఫై భాగం పాతబడింది. పక్కన బాగుండి వెనక గదిలోనే రాకపోతే మోడెమ్‌ను తిట్టి లాభం లేదు, గోడల సంగతి చూడాలి. ఇంట్లో లాప్‌టాప్ లేకపోతే చివరి రెండు పరీక్షలు ఫోనుతోనే చేసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటి ఉంది. ప్లానులో చెప్పేది మెగాబిట్లు. ఫైలు దిగుతున్నప్పుడు తెర మీద తరచుగా కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 40 మెగాబిట్ల ప్లానులో సెకనుకు 5 మెగాబైట్లు దిగుతుంటే కంపెనీ మోసం చెయ్యలేదు, లెక్క సరిపోయింది.

వైరు మీద కూడా తక్కువ వస్తోంది అనుకుందాం. అప్పుడు టెలిఫోన్ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకోండి. గరగరమని శబ్దం వస్తుంటే లైనులో ఎక్కడో జాయింటు తడిసింది, లేదా చిలుము పట్టింది. వానాకాలంలో ఇది మామూలే. శబ్దం లేకపోతే గోడ మీద ఉన్న రోజెట్ పెట్టె దగ్గర నుంచి మోడెమ్ వరకూ తీగను చూడండి. స్ప్లిటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. దానికి మూడు రంధ్రాలు: లైనుకు ఒకటి, ఫోనుకు ఒకటి, మోడెమ్‌కు ఒకటి. కొన్ని ఇళ్ళలో స్ప్లిటర్‌కు ముందే తీగను చీల్చి మేడ మీదకు రెండో ఫోను లాగి ఉంటారు. ఆ ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగిపోతుంది. రెండో ఫోను తీగను స్ప్లిటర్‌లోని ఫోను రంధ్రం నుంచే తీసుకుంటే ఆ బాధ పోతుంది. చుట్టి టేపు వేసిన జాయింట్లు తీసేసి నేరుగా ఒకే తీగ వేయించుకోవడం కూడా మేలు.

మోడెమ్‌కు తనదైన పేజీ ఒకటి ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే చాలా మోడెమ్‌లలో అది తెరుచుకుంటుంది. అందులో లైను వివరాల దగ్గర రెండు అంకెలు చూడండి. ఒకటి ఎస్.ఎన్.ఆర్. మార్జిన్, అంటే రొదను తట్టుకోవడానికి కావలసినదాని కంటే సంకేతం ఎంత ఎక్కువ బలంగా ఉందో చెప్పే అంకె. ఇది 10 డెసిబెల్స్ దాటి ఉంటే నిశ్చింత. 6 కంటే తగ్గితే లైను మాటిమాటికీ తెగుతుంది. రెండోది అటెన్యుయేషన్, అంటే దారిలో సంకేతం ఎంత నష్టపోయిందో చెప్పే అంకె. 30 లోపు బాగున్నట్టు, 60 దగ్గరకు వస్తే ఇల్లు ఎక్స్ఛేంజికి చాలా దూరమన్నట్టు. ఈ రెండు అంకెలూ రాసుకుని ఫిర్యాదు చేస్తే లైన్‌మన్‌తో మాట వేరేగా ఉంటుంది. "నెట్ రావట్లేదు" అంటే ఆయన మోడెమ్ ఆపి మళ్ళీ వేసి వెళ్ళిపోతాడు. "మార్జిన్ నాలుగే ఉంది" అంటే స్తంభం దగ్గరకు వెళ్తాడు.

లైను బాగుంది, అయినా మోడెమ్ రోజూ మొండికేస్తోంది, వేడెక్కి ఆగిపోతోంది అంటే అది మార్చవలసిన పెట్టే. కానీ అంతకంటే ముందు దాని అడాప్టర్ మార్చి చూడండి. ఏళ్ళ తరబడి ప్లగ్గులోనే ఉండి, ముందుగా నీరసించేది చాలాసార్లు అదే. పాతదాని మీద ఎన్ని వోల్టులు రాసి ఉంటే కొత్తది అన్నే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి.

ఇక అద్దె లెక్క. నెలకు 100 రూపాయలు అనుకుందాం. 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 118. ఏడాదికి 1,416 రూపాయలు. అయిదేళ్ళకు 7,080. ఆ డబ్బుకు అంతకంటే ఎన్నో రెట్లు మెరుగైన పెట్టె సొంతానికి వస్తుంది. అయితే అద్దెలో ఒక సౌకర్యం ఉంది. పిడుగు పడి ఫోను తీగ మీదుగా మోడెమ్ కాలిపోతే, ఒప్పందంలో ఆ మాట ఉంటే, కంపెనీయే మార్చి ఇస్తుంది. సొంతదైతే నష్టం మనదే. అందుకని ఉరుములు మొదలైనప్పుడు కరెంటు ప్లగ్గు తీస్తే సరిపోదు, ఫోను తీగ కూడా మోడెమ్ నుంచి పీకెయ్యాలి. ఇంతకీ మీ బిల్లులో అద్దె అనే వరుస ఉందో లేదో ముందు చూసుకోండి. చాలామందికి తాము అద్దె కడుతున్నట్టే తెలియదు.

ఈ అద్దె గొడవ మనదొక్కటే కాదు. అమెరికాలో వినియోగదారుడు సొంత రౌటర్ వాడుకుంటున్నా కొన్ని కంపెనీలు బిల్లులో పరికరం అద్దె వేస్తుండేవి. 2020 డిసెంబరు 20 నుంచి అలా వసూలు చెయ్యకూడదని అక్కడ చట్టం అమలైంది. జర్మనీలో ఏ మోడెమ్ పెట్టుకోవాలో నిర్ణయించుకునే హక్కును 2016 ఆగస్టు 1 నుంచి వినియోగదారుడికే ఇచ్చారు. ఆ దేశాల్లో ఉన్న మీ పిల్లలు ఇప్పటికీ అద్దె కడుతుంటే ఒకసారి బిల్లు చూసుకోమని చెప్పండి.

మోడెమ్ మార్చాలని తేలితే పని ఒక వరుసలో చెయ్యాలి. కంపెనీకి ఫోన్ చేసి, సొంత మోడెమ్ పెట్టుకుంటామని చెప్పి, ఏ రకాలు పనికొస్తాయో అడగండి. పాత మోడెమ్ పేజీలో ఉన్న యూజర్ పేరు, పాస్‌వర్డ్, వి.పి.ఐ., వి.సి.ఐ. అనే రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి. బి.ఎస్.ఎన్.ఎల్. లైన్లకు సాధారణంగా ఇవి 0, 35. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తే కంపెనీనే అడిగి తెలుసుకోవాలి. ఇవి చేతిలోకి రాకముందు వెనక ఉన్న రీసెట్ గుండీ మాత్రం నొక్కకండి. కొత్తది రెండు మూడు రోజులు నిలకడగా నడిచాక పాతదాన్ని అడాప్టర్‌తో, స్ప్లిటర్‌తో సహా తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అదే రోజు అడగండి. మరుసటి నెల బిల్లులో అద్దె ఆగిందో లేదో చూడండి. రసీదు లేకపోతే అద్దె ఆగదు, మన మాటా చెల్లదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మోడెమ్, రౌటర్ రెండూ ఒకే పెట్టెలో ఉన్నవి దొరుకుతాయి. నన్నడిగితే రెండూ వేరుగా ఉండడమే మంచిదంటాను. లైను కోసం మామూలు డి.ఎస్.ఎల్. మోడెమ్, వైఫై కోసం మంచి రౌటర్. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే అది లైను పని మాత్రమే చూసుకుంటుంది, మిగతా బాధ్యతంతా రౌటర్‌ది. రేపు రాగి తీగ పోయి ఫైబర్ వస్తే మోడెమ్ ఒక్కటే మూలకు చేరుతుంది, రౌటర్ మీ దగ్గరే ఉంటుంది.

ఆ రేపు చాలా ఊళ్ళలో వచ్చేసింది కూడా. మీ వీధిలో ఫైబర్ ఉంటే డి.ఎస్.ఎల్. మోడెమ్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి, లైనే మార్చుకోండి. ఫైబర్‌కు దూరం బెడద రాగికి ఉన్నట్టు ఉండదు. అయితే ఫైబర్ చివర ఉండే ఓ.ఎన్.టి. పెట్టెను బజార్లో కొని తగిలించడం అంత తేలిక కాదు. దాన్ని కంపెనీ వాళ్ళు తమ పరికరంలో నమోదు చేస్తేనే పనిచేస్తుంది. దాన్ని అలాగే ఉంచి, దాని వెనక మీ సొంత రౌటర్ పెట్టుకోవచ్చు. అప్పుడు రౌటర్‌కు గిగాబిట్ పోర్టులు ఉన్నాయా లేదా చూడండి. పాత రకం పోర్టు 100 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. 200 మెగాబిట్ల ప్లాను తీసుకుని 94 మాత్రమే వస్తోందని బాధపడే ఇళ్ళలో చాలాసార్లు కారణం ఆ పోర్టు, లేదా లోపల ఒక తీగ తెగిన కేబుల్.

ఇప్పుడు మూడో జబ్బు, వైఫై దగ్గరకు వద్దాం. ముందు మామూలు రేడియోను తలుచుకోండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, హైదరాబాద్ కేంద్రం 738 మీద. ఆ తరంగాల పొడవు మూడు నాలుగు వందల మీటర్లు. ట్రాన్స్‌మిటర్ శక్తి వేల వాట్లలో ఉంటుంది. గోడలూ గుట్టలూ దాటి జిల్లాలు చుట్టి రావడం వాటికి చేతనవుతుంది. వైఫై కూడా రేడియోనే. కానీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాని తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు సెంటీమీటర్లకు అటూఇటూ. రౌటర్ వెదజల్లే శక్తి సాధారణంగా వాటులో పదో వంతు. ఇంత చిన్న తరంగం, ఇంత తక్కువ శక్తి కాంక్రీటు గోడ దాటాలంటే కష్టమే.

అందుకే రౌటర్ చోటు మార్చడం మొదటి మందు, అది ఉచితం కూడా. రౌటర్‌ను బల్బు అనుకోండి. వీధి గది మూలలో, సోఫా వెనక, నేల మీద బల్బు పెట్టి వంటింట్లోకి వెలుతురు రావాలంటే వస్తుందా? మరి మన ఇళ్ళలో మోడెమ్ ఉండేది అక్కడే, ఎందుకంటే ఫోను తీగ లోపలికి వచ్చేది అక్కడే. ఇంటి మధ్యకు, మనిషి తలకంటే కాస్త ఎత్తులో పెట్టండి. ఇనప బీరువా పక్కన, టీవీ వెనక, అద్దం దగ్గర, అటక మీద ఇత్తడి సామాను మధ్య పెట్టకండి. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది. నీళ్ళు పీల్చేసుకుంటాయి, అంటే చేపల తొట్టి కూడా అడ్డమే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే కాబట్టి అది వెలుగుతున్నంతసేపూ ఆ బ్యాండులో రొద. తీగ అందలేదంటే మోడెమ్ దగ్గర నుంచి రౌటర్‌కు నెట్‌వర్క్ కేబుల్ పొడిగించండి. అది వంద మీటర్ల వరకూ వేగం తగ్గకుండా మోస్తుంది.

బ్యాండు ఎంపిక కూడా మన చేతిలోనే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కానీ అపార్ట్‌మెంట్లలో అది కిక్కిరిసి ఉంటుంది. ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్ళు మూడే: 1, 6, 11. ఫోన్లో వైఫై అనలైజర్ ఆప్ పెట్టుకుని చుట్టుపక్కల ఏ చానల్ ఖాళీగా ఉందో చూసి దానికి మారండి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, రద్దీ తక్కువ, గోడలు దాటడం కష్టం. అందువల్ల టీవీకీ, రౌటర్ ఉన్న గదిలోని లాప్‌టాప్‌కూ 5, దూరంగా ఉన్న కెమెరాకూ గీజర్ స్విచ్చికీ 2.4 అని పంచుకోవచ్చు. అదే ఆప్‌లో సంకేత బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 వరకూ వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది. మైనస్ 80 అంటే సంకేతం మైనస్ 50 దగ్గర ఉన్నదానిలో వెయ్యో వంతు. ఈ అంకెలు ప్రతి గదిలో రాసుకుంటే ఎక్కడ కరువో మీకే కనిపిస్తుంది.

చోటు మార్చినా, చానల్ మార్చినా వెనక గది ఎండిపోయే ఉంటే అప్పుడు పరికరం సంగతి. చవకైనది రిపీటర్. కానీ ఒకే రేడియోతో విని, మళ్ళీ దానితోనే చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. చాలామంది దాన్ని సంకేతం రాని గదిలోనే పెడతారు. దానికే వినబడని చోట అది ఏం చెబుతుంది? రౌటర్‌కూ ఆ గదికీ మధ్య, సంకేతం ఇంకా బాగున్న చోట పెట్టాలి. ఇంతకంటే మేలైనది మెష్. రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో పనిచేస్తాయి, మనం నడుస్తుంటే ఫోను ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. మూడు అంతస్తుల ఇంటికి ఇది పనికొస్తుంది. అన్నిటికంటే గట్టిది మాత్రం కేబుల్. పై అంతస్తుకు కేబుల్ లాగి, చివర ఒక యాక్సెస్ పాయింట్ పెడితే అక్కడ రెండో రౌటర్ ఉన్నట్టే. పాత రౌటర్ కూడా చాలాసార్లు ఈ పనికి సరిపోతుంది. ఇల్లు కడుతున్నవాళ్ళకు ఒక మాట: కరెంటు పైపులు వేసేటప్పుడే, స్లాబు పొయ్యకముందే, నెట్‌వర్క్ కేబుల్ కోసం ప్రతి గదికీ వేరే పైపు వేయించండి. ఆ రోజు ఖర్చు స్వల్పం. తర్వాత గోడ చెక్కించాలంటే ఎంతవుతుందో మేస్త్రీనే అడగండి.

చివరగా భద్రత. 2017 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేల సంఖ్యలో ఒక మాల్వేర్ బారిన పడ్డాయి. అది లోపలికి వచ్చిన దారి, కంపెనీ నుంచి వచ్చినప్పటి పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడం. అంతకుముందు ఏడాది, 2016లో, మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచమంతటా కెమెరాలనూ రౌటర్లనూ పట్టుకున్నదీ ఈ లోపంతోనే. రౌటర్ పేజీ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ వేరు. రెండూ మార్చండి. ఫోన్ నంబరు పాస్‌వర్డ్‌గా పెట్టకండి. వైఫై భద్రత రకాల్లో డబ్ల్యూ.పి.ఎ.2 గానీ 3 గానీ ఎంచుకోండి. డబ్ల్యూ.పి.ఎస్. అనే గుండీ సదుపాయాన్ని ఆపేయండి. వచ్చిపోయేవాళ్ళకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. అద్దె మోడెమ్ తిరిగి ఇచ్చేముందు, వివరాలన్నీ రాసుకున్నాక, ఈసారి మాత్రం రీసెట్ నొక్కే ఇవ్వండి.

శ్రోతలారా, ఈ వారం రెండు పనులు చెయ్యండి. నెట్ బిల్లు బయటికి తీసి అద్దె అన్న వరుస కోసం వెతకండి. వైరు మీద ఒకసారి, పక్కన నిలబడి ఒకసారి, వెనక గదిలో ఒకసారి వేగం చూసి కాగితం మీద రాయండి. లోపం లైనుదైతే ఫిర్యాదు చెయ్యండి, మోడెమ్‌దైతే మార్చండి, గోడలదైతే రౌటర్‌ను నడి ఇంటికి తీసుకురండి. దుకాణానికి వెళ్ళేది ఈ మూడు కొలతలూ అయ్యాకే.